నలభై నిమిషాల గిన్నె

మా అమ్మాయి సూప్ కొట్టు అబ్బాయిని మొదటిసారి చూసినప్పుడు అతను మోకాలి లోతు మురికినీళ్ళలో నిలబడి, తన కొట్టు ప్లాస్టిక్ గిన్నెల్నే కర్రతో కాలవలోంచి పైకి లాగుతున్నాడు.

జోరున వాన. బస్ స్టాండ్ ఎదురు వీధంతా చెరువైంది. అమ్మాయి చేతిలో సంచీ, వెనక గొడుగు పట్టుకుని నేను, దాని అమ్మను. కరెంటు తీగ తెగి నీళ్ళలో పడుతుందేమోనని తోడు వెళ్ళాను. పడితే నేను మాత్రం ఏం చేస్తానో నాకూ తెలియదు.

"మీ గిన్నెలకు మీరంటే ఎంత ప్రేమండీ, వెతుక్కుంటూ మళ్ళీ మీ గుమ్మానికే వచ్చాయి," అంది అమ్మాయి.

అతను తలెత్తాడు. "మీరెవరు? మునిసిపాలిటీ మేడమా?"

"కాదు. గిన్నెల మేడం."

లోపల క్యారెట్లు తరుగుతున్న అతని నాయనమ్మ కత్తి ఆపి మరీ చూసింది.

వచ్చే నెల నుంచి ఆ వీధిలో ప్లాస్టిక్ గిన్నెలు వాడకూడదని నోటీసు వచ్చింది. అక్కడ పన్నెండు తిండి కొట్లు ఉన్నాయి. సూప్ కొట్టు ఏది వాడితే మిగతావాళ్ళూ అదే వాడతారు. ఆ కొట్టు కాదంటే మా అమ్మాయి గిన్నెల షెడ్డుకు తాళమే. అద్దెకు తెచ్చిన మిషన్ గడువు నెలాఖరుతో సరి.

అమ్మాయి చేసేది కలప నారతో గిన్నెలు. కలప గుజ్జును నానబెట్టి, చిలికి, జల్లెడ లాంటి అచ్చు మీదకు తీసి, నీళ్ళు పీల్చేసి, వేడి మీద నొక్కుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉండదు. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. నాకు మాత్రం ఆ మిషన్ దగ్గర దాని జడే కనిపిస్తుంది. ఎప్పుడు చిక్కుకుంటుందోనని.

సూప్ అబ్బాయి పొగలు కక్కే సూప్ ఒక శాంపిల్ గిన్నెలో పోసి చేత్తో పట్టుకున్నాడు. గిన్నె తేలిగ్గా ఉందన్నాడు, చెయ్యి కాలట్లేదన్నాడు. ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పాడు. అంతలో అడుగు వంపు దగ్గర తడి ఊరి, చుక్క చుక్కగా అతని చొక్కా మీద పడింది.

"వానలో కూడా తడవకుండా కాపాడుకున్న చొక్కా మేడం ఇది."

"ఉతికిస్తాను."

"చొక్కా సంగతి వదిలేయండి. మా వాళ్ళు సూప్ పట్టుకుని బస్సెక్కుతారు. దిగేసరికి నలభై నిమిషాలు. నలభై నిమిషాలు కారకుండా ఉంటే మీ గిన్నెలే వాడతాను."

"నలభై ఒకటి ఉంచుతాను," అంది నా కూతురు. నేను వెనక నుంచి దాని చున్నీ లాగాను.

అక్కడ మొదలైంది. మూడు రోజులకొకసారి సాయంత్రం కొత్త గిన్నెతో వెళ్ళేవాళ్ళం. బల్ల మీద పాత న్యూస్‌పేపర్, దాని మీద గిన్నె, గిన్నెలో సూప్, పక్కన టైమర్. పేపరు తడిస్తే ఫెయిల్. రెండో గిన్నె ఇరవై ఆరు నిమిషాలు ఆగింది. మూడోది ముప్ఫై. నాలుగోది ఎందుకో పద్దెనిమిదికే చేతులెత్తేసింది. నార అడుగు వంపు దగ్గర పలచబడుతోందని అమ్మాయి అచ్చు మార్చింది, నొక్కే సమయం పెంచింది, రాత్రి అన్నం దగ్గర కూడా కంచం వంపులే చూసేది.

ఆ వెయిటింగులో వాళ్ళిద్దరి మాటలు వినాలి.

"మేడం, ఈ గిన్నె ఏ చెట్టుది? కాస్త బద్ధకంగా ఉంది."

"మీ సూప్‌లో ఉప్పెక్కువై దానికి ఏడుపొస్తోంది. అందుకే కారుతోంది."

"నాయనమ్మా, విన్నావా?"

"విన్నాను. ఉప్పు ఎక్కువే," అనేది ముసలావిడ.

అతను నవ్వుతూ ఉప్పు తగ్గించాడు. నిజంగానే తగ్గించాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఏడో గిన్నె రోజు నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. అమ్మాయి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. గిన్నెల కట్ట నా ఒళ్ళో ఉంది. ఇంట్లో పాలగ్లాసు కింద కూడా ప్లేటు పెట్టే మనిషిని నేను. ఎందుకైనా మంచిదని ఒక గిన్నెలో ఇంకొకటి దూర్చి బల్ల మీద పెట్టేశాను. అంచుకు అంచు అతికినట్టు కూర్చుంది.

నలభై నిమిషాలు అయ్యాయి. పేపరు పొడిగా ఉంది. నలభై ఒకటి కూడా అయింది. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా నవ్వు.

"రేపటి నుంచి మీ గిన్నెలే," అన్నాడతను. "మేడం, ఇంకో మాట కూడా చెప్పాలి..."

చెబుతూనే సూప్ పారబోయడానికి గిన్నె ఎత్తాడు. పై గిన్నె చేతిలోకి వచ్చింది. కింద గిన్నె బల్ల మీదే ఉండిపోయింది.

అతను రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "ఆరుసార్లు కారింది. నేనేమన్నా అన్నానా?" అని మెల్లగా అడిగాడు. "దీనికి మాత్రం బాధేసింది మేడం."

అమ్మాయి నావైపు ఒక్కసారి చూసింది. దానికి అంతా తెలిసిపోయింది. నోరు విప్పి నన్ను చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. సంచీ తీసుకుని వానలోకి నడిచింది. నేనూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు దారంతా నాతో నడిచింది.

మర్నాడు అమ్మాయి లేవకముందే షెడ్డులోంచి నిన్నటి కట్టలోని ఒకే ఒక గిన్నె తీసుకుని బయల్దేరాను. ఆ బస్ స్టాండ్ రోడ్డు నేను జన్మలో ఒంటరిగా దాటలేదు. ఎలా దాటానో అడగొద్దు.

"బాబూ, రెండు గిన్నెలు పెట్టింది నేను," అన్నాను గుమ్మంలోనే. "దానికి తెలియదు. తెలిశాక నన్ను కాపాడటానికి నోరు మూసుకుంది. నా కూతురు కారే గిన్నె అయినా పట్టుకొస్తుంది గానీ మోసం చెయ్యదు."

అతను గరిట పట్టుకునే గుమ్మం దాకా వచ్చాడు.

"ఇదిగో, ఒక్క గిన్నె. ఇందులో సూప్ పొయ్యి. పేపరు వద్దు." బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో తెల్ల చేతిరుమాలు పరిచి, దాని మీద గిన్నె పెట్టుకున్నాను.

"ఆంటీ, సూప్ మరుగుతోంది. కారితే కాలిపోతారు."

"ఆవిడ పొయ్యమంటోందిగా, పొయ్యరా," అంది నాయనమ్మ, టైమర్ తిప్పుతూ.

పోశాడు. నేను ఊపిరి కూడా ఆచితూచి తీసుకున్నాను. కాలు తిమ్మిరెక్కింది. ఒళ్ళు కాలితే ఏ మందు రాయాలి, ఆసుపత్రి ఎంత దూరం, అన్నీ లెక్క వేసుకున్నాను.

పదిహేనో నిమిషంలో అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. జడ కూడా వేసుకోలేదు.

"అమ్మా, ముందది కింద పెట్టు. కారితే?"

"కారదే. నువ్వు చేసిందేగా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం.

అది అక్కడే నా ముందు మోకాళ్ళ మీద కూలబడింది. నా మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

సూప్ అబ్బాయి గరిట పక్కన పెట్టాడు. "మేడం, నిన్న మిమ్మల్ని అడక్కుండా అనేశాను. తప్పు నాదే."

"అడిగితే చెప్పేదాన్ని కాదు."

"ఇంకో మాట మిగిలిపోయింది." గొంతు సవరించుకున్నాడు. "రెండో గిన్నె నుంచీ ప్రతిసారీ కారితే బాగుండునని కోరుకున్నాను."

"ఏంటి?"

"కారకపోతే పని అయిపోతుంది. మళ్ళీ మీరు రారు కదా."

అమ్మాయి లేచి నిలబడింది. "మీకు సూప్ తప్ప ఇంకేమీ తెలియదా? ఆర్డర్ ఇస్తే గిన్నెలు రోజూ తేవాలి. రోజూ."

"రోజూనా?"

"ఆదివారాలు కూడా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. దాని మొహం నాకు కనబడలేదు, తిరిగి చూద్దామంటే గిన్నె కదులుతుందని భయం. మరుగుతున్న సూప్ ఒళ్ళో పెట్టుకుని కూతురి సంబంధం విన్న తల్లిని నేనొక్కదాన్నేనేమో.

"మా వాడి సంగతి నాకు ఉప్పు తగ్గించిన రోజే తెలుసు," అంది నాయనమ్మ నా పక్కకు జరుగుతూ. "నువ్వేమంటావమ్మా?"

"ఏమంటాను? కదలడానికి లేదు."

టైమర్ మోగింది. వాళ్ళిద్దరూ వినిపించుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ముసలావిడే మనవడి వీపు మీద ఒకటి వేసింది.

అతను ఉలిక్కిపడి నావైపు తిరిగాడు. "అయిపోయింది, ఇక ఇవ్వండి అత్తయ్యా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

గిన్నె నేనే ఎత్తాను. చేతిరుమాలు తీసి చెంపకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది.

"ఇంకో పది నిమిషాలు చూద్దాం," అన్నాను. "ఎందుకైనా మంచిది."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను సూప్ మొత్తం తాగేశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.