టెండర్ ఓటుకి కాపలా

స్టీలు ప్లాంటు కాలనీ రుఆబాంధాలో రేకు తలుపున్న ఆ పాత క్వార్టర్ వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. పొమ్మని చూడండి, ఎంత మొనగాడైనా "క్యా భయ్యా, మర్‌నే కా షౌక్ హై క్యా?" అంటాడు, చావు మీద సరదా పుట్టిందా అని. కిటికీలూ పెరటి తలుపూ దొంగలు ఊడబీక్కుపోతే ఇటుకలు పేర్చి మూసేశారు. లోపల ఉన్నది ఒక్క ఇనప ట్రంకు. పొద్దుపోయాక అక్కణ్ణించి చప్పుడు... ఠప్... ఠప్... ఓటు మీద ముద్ర గుద్దినట్టు. కాలనీ వాచ్‌మన్ జితేంద్ర రెండు రాత్రులు విని, మూడో రోజుకి దూరంగా ఉన్న కోహ్కాకి డ్యూటీ మార్పించుకున్నాడు.

ఆ గుద్దేది అప్పలకొండేనని అందరూ అంటారు.

అప్పలకొండ కోక్ ఓవెన్ పనివాడు, శ్రీకాకుళం మనిషి. పదకొండు నెలల కిందట నాగావళి మిత్రమండలికి — అదే, అక్కడి మన తెలుగువాళ్ల సంఘానికి — ఎన్నికలయ్యాయి. ఎన్నికల అధికారి హరినాథ్. ముప్పై నాలుగేళ్లు ప్లాంటు ఆఫీసులో చేసి, మచ్చ లేకుండా రిటైరైన మనిషి. కాలనీ అంతా సార్ అని లేచి నిలబడుతుంది.

ఈ సారుగారి ఘనకార్యం వినండి. ఫస్టు షిఫ్టులో ఉన్నవాడు డ్యూటీ వదిలి ఓటుకి రాడు కదా! షిఫ్టు చార్టు ముందేసుకుని అలాంటి పేర్లు నాలుగు ఏరాడు. పొద్దున్నే రిజిస్టర్లో వాళ్ల సంతకాలు తనే గీకి, ఆ ఓట్లు తన దోస్తు శశిధర్‌కి గుద్దేశాడు.

ఓటు కోసం అప్పలకొండ డ్యూటీ మార్చుకుంటాడని కలగన్నాడా ఏమిటి? పదకొండింటికి వచ్చి నిలబడ్డాడు. నీ ఓటు పడిపోయిందన్నారు. ఆ సంతకం నాది కాదన్నాడు. రూలు పుస్తకంలో రాసుకున్నారు మరి, తప్పించుకోలేరు. అలాంటివాడికి వేరే ఓటు కాగితం ఇవ్వాలి. దాన్ని పెట్టెలో వేయకుండా కవర్లో పెట్టి లక్క సీలు వేయాలి. లెక్కలో కలపకూడదు, ఏడాది దాకా పారేయకూడదు. ఫిర్యాదు వస్తే ఎంక్వైరీలో నలుగురి ముందే విప్పాలి. టెండర్ ఓటంటే అదీ. ఆ కవర్నే రేకు తలుపు క్వార్టర్లోని ట్రంకులో పెట్టి, తాళంచెవి హరినాథ్ దగ్గరుంచారు.

శశిధర్ ఒక్క ఓటుతో ప్రెసిడెంటయ్యాడు. అప్పలకొండ ఓటు ఎవరికో గానీ, శశిధర్‌కి మాత్రం కాదని కాలనీలో తెలియనివాడు లేడు.

ఆ సాయంత్రమే అప్పలకొండ ఫిర్యాదు రాసిచ్చాడు. మార్చుకున్న డ్యూటీ చేయడానికి రాత్రి బయల్దేరి, సైకిలు మీదే గుండె ఆగి పోయాడు. భార్య వరలక్ష్మమ్మ కాళ్లరిగేలా తిరిగి ఆ ఫిర్యాదుని నడిపించింది. చివరికి ఒక ఆదివారం ఎంక్వైరీ అన్నారు. కవరు విప్పితే శశిధర్ పదవి పోతుంది. దానితో ఆగదు — రిజిస్టర్ తెరుస్తారు, ఆ దొంగ సంతకం ఎవరి చేతిదని చూస్తారు. హరినాథ్‌కి తిండి సయించడం మానేసింది.

శనివారం. డిసెంబరు కదా, ఏడున్నరకే కటిక చీకటి. ఫోను వెంట ఉంటే జాడ తీస్తారని ఎక్కడో విని, దాన్ని ఇంట్లోనే వదిలేశాడు. తాళంచెవి, టార్చి, అగ్గిపెట్టె... అంతే. రేపు అడిగితే ఎలుకలు కొట్టేశాయంటే సరి.

తలుపు తీసి లోపలికి వెళ్లాడు. ట్రంకు మూత ఎత్తాడు. కవరు ఉంది... లక్క చెక్కుచెదరలేదు. దాని మీద పక్కపక్కనే రెండు సంతకాలు — తనదీ, అప్పలకొండదీ. ఆ వంకర అక్షరాలు కనబడకుండా కవరు తిరగేశాడు. అగ్గిపుల్ల తీశాడు.

ఠప్...

గాలి అనుకున్నాడు. గాలేదీ?

ఠప్... ఠప్...

రేకు తలుపు మెల్లగా మూసుకుంది. గడియ పడింది. ఆ వెనకే క్లిక్‌మని తాళం...

టార్చి కింద పడి ఆరిపోయింది. హరినాథ్ గోడకి జారగిలబడి రెండు చేతులూ జోడించాడు. "అప్పలకొండా... తప్పయిపోయింది. ఆ సంతకం నేనే పెట్టానయ్యా..."

బయట ఎవరో దగ్గారు. ఆడమనిషి దగ్గు.

"ఆ ముక్క అప్పుడే అనుంటే సరిపోయీది కదా బాబూ," అంది వరలక్ష్మమ్మ.

రోజూ కర్రతో ఆ రేకు మీద కొట్టింది ఆవిడే. కవరు ఏడాది దాచమని రూలు రాశారు గానీ కాపలాకి ఒక్క పురుగునైనా పెట్టారా? దెయ్యం ఉందంటే ఎవరూ ముట్టరని, ఆ దెయ్యాన్ని ఆవిడే పుట్టించింది. దెయ్యానికి జడవకుండా వచ్చేవాడెవడో, ఏ రాత్రి వస్తాడో కూడా ఆవిడకి తెలుసు. పొద్దున్న పదింటికి ఎంక్వైరీవాళ్లు ట్రంకు కోసం ఇక్కడికే వస్తారట, తను తెచ్చి వేసిన తాళం వాళ్ల ముందే తీస్తుందట.

హరినాథ్‌కి తెగింపొచ్చింది. కవరు కాల్చి పారేస్తానన్నాడు.

"కాల్సీయండి. బూడిదతోనే దొరుకుతారు."

అమ్మా తల్లీ అని బతిమాలాడు. ఊహూఁ. ఆవిడ కసి కడుపులోంచి వచ్చింది, మాటలకి కరిగేది కాదు. బచావో బచావో అని గొంతు చించుకున్నాడు. రోడ్డు మీద పోతున్న స్కూటరొకటి ఆగినట్టే ఆగి, రెట్టింపు వేగంతో పారిపోయింది. దెయ్యం ఇవాళ అరుస్తోందనుకున్నారు పాపం.

చెప్పుల చప్పుడు దూరమవుతోంది.

"వరలక్ష్మమ్మా... ఈ చీకట్లో ఒక్కణ్ణే ఉండలేను..."

చప్పుడు ఆగింది.

"ఒక్కరే ఎందుకవుతారు బాబూ?" అందావిడ, చాలా నెమ్మదిగా. "మా ఇంటాయన లోపలే ఉన్నారు."