పెంగ్విన్ నోట్లో పచ్చరాయి

జాహ్నవి తీసిన పెంగ్విన్ ఫోటోలో, ఆ పక్షి ముక్కుకి అడ్డంగా, ఆమె ఫోటో తీసినప్పుడు లేని రాయి ఒకటి ఉంది.

ఫోన్ చేతిలోంచి జారి చట్నీ గిన్నెలో పడబోయింది. ఎదురుగా దోసె తింటున్న తండ్రి మునిచంద్ర అడ్డం చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. మదనపల్లె యార్డులో టమోటా మండీ నడిపే మనిషి. జారే వాటిని పట్టుకోవడం ఆయనకు అలవాటు.

"ఏమైందిమే?"

"నా పెంగ్విన్ నోట్లో ఎవరో రాయి పెట్టినారు నాయనా!"

"యాడ? అంటార్కిటికాలోనా?"

"కుప్పంలో!"

మునిచంద్ర దోసె నమలడం ఆపాడు.

పోయిన సంవత్సరం జాహ్నవి ఒక ఓడలో దక్షిణ ధ్రువం వైపు వెళ్లొచ్చింది. ఫోటోగ్రాఫర్‌కి అసిస్టెంటుగా. తిమింగలాలు, సీల్స్, ఆకాశమంత రెక్కలున్న పక్షులు, అన్నీ తీసింది. కానీ వాటన్నిటిలో ఆమెకు ప్రాణం ఒక్క ఫోటో.

జెంటూ అనే జాతి పెంగ్విన్లలో మగది ఒక రాయి ముక్కున కరుచుకుని ఆడదాని దగ్గరికి వెళుతుంది. నచ్చితే ఆమె దాన్ని తీసుకుని గూట్లో పెట్టుకుంటుంది. నచ్చకపోతే మొహం తిప్పుకుంటుంది. జాహ్నవి తీసిన మగ పెంగ్విన్ రాయి తెస్తూ దారిలో కింద పెట్టి ఊపిరి పీల్చుకుంది. పక్కింటి పెంగ్విన్ ఆ రాయి కాస్తా ఎత్తుకుపోయింది. పాపం ఇది ఖాళీ ముక్కుతోనే వెళ్లి వంగి నిలబడింది. ఆడ పెంగ్విన్ దాన్నే చూస్తోంది. అదీ ఫోటో. దానికోసం జాహ్నవి వేళ్లు కొయ్యముక్కలయ్యేదాకా మంచులో బోర్లా పడుకుంది.

రాయి లేకపోవడమే ఆ ఫోటో. ఇప్పుడు రాయి ఉంది!

రాబోయే ప్రయాణానికి జాహ్నవిని మెయిన్ ఫోటోగ్రాఫర్‌గా ఎంపిక చేసిన కమిటీలో కుప్పానికి చెందిన శాంతకుమారి ఉన్నారు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. కుప్పంలో జాహ్నవి ఫోటోల ప్రదర్శన పెట్టిందీ ఆమే. అసలు ఫైల్ ఆమె దగ్గర ముందే ఉంది. పొద్దున్నే హాలుకెళ్లి, గోడ మీది ప్రింటు చూసి, ఫోన్లో ఫోటో పంపి, కింద రెండే వాక్యాలు రాశారు.

'ఈ రాయి ఎక్కడిది? ఫోటోలో గీత మార్చినా ఓడలో చోటు లేదని నీకు తెలుసు.'

"ఎవరు చేసుంటారు?" అన్నాడు మునిచంద్ర.

జాహ్నవి అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "పుంగనూరు పోదాం పా నాయనా. బండి తియ్."

* * *

పుంగనూరులో దామోదర్ ఫ్లెక్సీ షాపు. అంత వెడల్పు కాన్వాసు ప్రింటు చేసే మెషిన్ చుట్టుపక్కల అతని దగ్గరే ఉందంటే జాహ్నవి మొదటిసారి అక్కడికి వెళ్లింది. వెళ్లగానే గొడవ.

"కింద శుభాకాంక్షలతో అని ఎవరెవరి ఫోటోలు వేయాల మేడమ్?" అన్నాడు దామోదర్, పెన్ను చెవిలో పెట్టుకుని.

"ఎవరివీ వద్దు."

"ఎవరూ లేరా పాపం, పెంగ్విన్లకు?"

"ఇది ఫ్లెక్సీ కాదప్పా, ఫోటోగ్రఫీ."

"మీసాలు నల్లగా చేసేదా?"

"పెంగ్విన్లకు మీసాలు యాడుండాయి?"

"అదే, లేకపోతే పెడతాం. మా షాపులో లేనివాళ్లకు గూడా పెడతాం."

వారం తర్వాత వెళితే, పెంగ్విన్ల గుంపు మీద బంగారు రంగు అక్షరాలతో 'శుభ వివాహ ఆహ్వానము' అని ఉంది. పాత డిజైను తుడవడం మర్చిపోయానన్నాడు. మళ్లీ వెళితే పెంగ్విన్ల తెల్లటి పొట్టలన్నీ పసుపు రంగుకి తిరిగాయి.

"కామెర్లు వచ్చినట్టుంది కదప్పా!"

"ప్రింటర్ చెడిపోయింది మేడమ్. రేపు రాండి, టీ తాగి పోదురు."

ప్రతిసారీ ప్రింటర్ చెడిపోయేది. ప్రతిసారీ అతను టీ తెప్పించి, పెంగ్విన్ల గురించి ఒక ప్రశ్న అడిగేవాడు. చలికి నిద్రెట్ల పోతాయి, తప్పిపోతే ఇల్లెట్ల కనుక్కుంటాయి. పుంగనూరుకు తిట్టుకుంటూ వెళ్లే జాహ్నవి, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కతే నవ్వుకునేది. టికెట్ కొట్టడానికొచ్చిన కండక్టర్ అనుమానంగా చూసేవాడు.

చివరికి ప్రింట్లు బాగా వచ్చాయన్నాడు దామోదర్. "కుప్పం మా సొంతూరే, నేనే తీసుకుపోయి తగిలిస్తా" అన్నాడు. ఆమె నమ్మింది. ప్రింట్లు విప్పి కూడా చూడలేదు.

ఇప్పుడు టమోటా బండి షాపు ముందు ఆగింది. జాహ్నవి ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

"ఏందప్పా ఇది?"

దామోదర్ చూశాడు. "ప్రింటర్ చెడిపోయి..."

"చెడిపోయిన ప్రింటర్ రాయి పెడతాదా? దీనివల్ల ఏం పోతాదో తెల్సా నీకు? ఓడలో నా చోటు పోతాది! వాడి నోట్లో ఏమీ లేదనే కదప్పా నేనా ఫోటో తీసింది!"

పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. బల్ల మీది బిల్లు కాగితాలు ఎగిరి పడుతుంటే దామోదర్ రెండు మోచేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

"సరే, నువ్వేం మాట్లాడబాక" అని ఆమె విసురుగా బండెక్కింది.

* * *

కుప్పం దారిలో పలమనేరు దాటాక జాహ్నవి ఫోన్లో ఆ రాయిని వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఆమె తిరిగిన తీరంలో రాళ్లన్నీ బూడిద రంగువి. ఇది ముదురు ఆకుపచ్చ. మధ్యలో తెల్లటి గీత.

ఈ గీతను ఎక్కడో చూసింది.

ఎక్కడో ఏమిటి, దామోదర్ బల్ల మీదే! బిల్లులు ఎగిరిపోకుండా పెట్టుకునే కుప్పం గ్రానైట్ ముక్క. టీ తాగుతూ ఎన్నిసార్లు దాన్ని అటూ ఇటూ దొర్లించిందో. ఇవాళ అది బల్ల మీద లేదు. అందుకే ఆ మోచేతులు.

"వాడే నాయనా" అంది మెల్లగా.

"ఆ ఫ్లెక్సీ పిల్లోడా? బండి తిప్పేదా? చెవి పట్టుకుని కుప్పానికి లాక్కుపోదాం."

"వద్దులే."

"యాల?"

"ఊరికే."

మునిచంద్ర కూతురి వైపు ఓరకంట చూసి గేరు మార్చాడు. రైతు ఊరికే అన్నాడంటే ఊరికే కాదని మండీలో ఆయన ఏనాడో నేర్చుకున్నాడు.

* * *

కుప్పం హాల్లో శాంతకుమారి ఆ ప్రింటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"తప్పు నాదే మేడమ్" అంది జాహ్నవి. "ప్రింటు చూసుకోకుండా వదిలేశాను."

"అది అజాగ్రత్త. నేనడిగేది వేరు. రాయి పెట్టింది ఎవరు?"

"తెలుసు. చెప్పను."

"చెప్పకపోతే నువ్వే పెట్టావని రాసుకోవాల్సి వస్తుంది."

గోడ మీద పెంగ్విన్ వంగి నిలబడి ఉంది, నోట్లో కుప్పం రాయితో. ఆ మంచు, ఆ గాలి, ఇంకోసారి చూడాలనుకున్న ఆ తీరం, అన్నీ జాహ్నవి కళ్లలో చెమ్మగా తేలాయి.

"రాసుకోండి మేడమ్" అంది.

"రాయొద్దు!"

గుమ్మంలో దామోదర్. హెల్మెట్ తియ్యలేదు. చంకలో చుట్టిన ప్రింటు, బట్టల నిండా దుమ్ము. శాంతకుమారి భయపడి లేచి నిలబడ్డారు.

"ఎవరయ్యా నువ్వు? ముందు ఆ హెల్మెట్ తియ్యి."

తీశాడు. ఆయాసం మాత్రం ఆగలేదు.

"నేనే మేడమ్. రాయి పెట్టింది నేనే. ఈయమ్మకు ఏం తెలీదు."

"ఎందుకు పెట్టావు?"

"మొగది రాయి తీసుకుని ఆడదాని దగ్గరికి పోతాదని ఈయమ్మే చెప్పింది. సూస్తే వీడు ఒట్టి నోటితో నిలబడుండాడు! పిల్లనడగను పోతా ఎవరన్నా ఒట్టి చేతులతో పోతారా మేడమ్? మా ఇండ్లల్లో పూలు, పండ్లు లేకుండా పోతే మంచినీళ్లు గూడా ఇయ్యరు. పాపం, మనోడి పరువు పోతాదని నా బల్ల మీది రాయిని ఫోటో తీసి పెట్టేసినా."

శాంతకుమారి పెదవి కొరుక్కున్నారు. నవ్వు ఆగేలా లేదు.

"ఆ రాయి లేకపోవడమే గొప్పయ్యా ఆ ఫోటోలో."

"ఇప్పుడు తెల్సింది మేడమ్. ఈయమ్మ అరిచిపోయినాక అసలు ఫోటో మళ్లీ సూసినా. ఆడది వాడి నోటికల్లే సూడ్లేదు. వాడి మొహంకల్లే సూస్తాండాది." అతను చంకలోని ప్రింటు విప్పాడు. అందులో పెంగ్విన్ ముక్కు ఖాళీగా ఉంది. "ఇదో, రాయి లేకుండా తెచ్చినా. గోడ మీదిది తీసేస్తా."

శాంతకుమారి కొత్త ప్రింటు దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. తర్వాత జాహ్నవి భుజం తట్టారు.

"స్వెటర్లు సర్దుకో. ఓడలో నీ చోటు నీదే. కానీ ఈసారి ప్రింట్లు విప్పి చూసుకో తల్లీ."

జాహ్నవి ఊపిరి వదిలింది. అప్పుడు దామోదర్ జేబులోంచి ఆకుపచ్చ రాయి తీసి, ఏం చెయ్యాలో తెలియక, అరచేతిలో పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. కొంచెం వంగి కూడా.

జాహ్నవి మొహం తిప్పుకోలేదు. రాయి తీసుకుంది. కెమెరా బ్యాగు జిప్పు తీసి లోపల, మెత్తటి అరలో పెట్టింది.

"ఏందిమే అది?" అన్నాడు మునిచంద్ర.

"గూట్లో పెట్టుకున్నా నాయనా."

మునిచంద్ర ఆ పిల్లోడిని కాలి నుంచి తల దాకా చూశాడు, బుట్టలో కాయను తిప్పి చూసినట్టు.

"ఆదివారం మదనపల్లెకు రా అప్పా. మీ అమ్మానాయన్ని తోడుకోని. పూలూ పండ్లూ నీ ఇష్టం, టమోటాలు మాత్రం తేబాక."

"వస్తాం సార్" అన్నాడు దామోదర్. కదల్లేదు. హెల్మెట్‌ను చేతుల్లో తిప్పుతున్నాడు. "దానికి ముందు ఇంకో నేరం ఉండాది. అది గూడా ఒప్పేసుకుంటా."

"ఇంకోటా!" అంది జాహ్నవి.

"ఆ పెళ్లి అక్షరాలు నేను మర్చిపోయింది కాదు. పసుపు పొట్టలు రంగు తప్పి వచ్చింది కాదు. ప్రింటు బాగా వస్తే నువ్వు తీసుకుని పోతావు, ఇంక పుంగనూరుకు యాలొస్తావు? నిజం చెప్తాండా జాహ్నవీ... మా ప్రింటర్ ఒక్క రోజు గూడా చెడిపోలే."