తెయోఫిల్ కార్ఖానాలో చిత్రిక చప్పుడు

మా మీర్‌కూర్‌లో మదోన్ ఏటి ఒడ్డున తెయోఫిల్ కార్ఖానా ఉంది. చీకటి పడ్డాక అటు నడవాలంటే మగాళ్లకే గుండె చాలదు. తెయోఫిల్ పోయి ఏడేళ్లయింది. తలుపుకి తాళం, కిటికీలకి అడ్డచెక్కలు... అయినా లోపల ఎవరో చిత్రిక పడుతున్న చప్పుడు. సర్ర్... సర్ర్... కాసేపు ఆగుతుంది. మళ్లీ సర్ర్...

రొట్టెలు కాల్చే గాస్పార్ విన్నాడు. పాదిరీగారు కూడా విన్నారట. ఆయన ఒప్పుకోరు గానీ ఆ దారిన రావడం మానేశారు. ఫిడేలు కమానులు చేసే ఊరు మాది, పుట్టినప్పటినుంచీ చిత్రిక చప్పుడు మధ్యనే నిద్రపోతాం. ఆ ఒక్క చప్పుడుకి మాత్రం పిల్లలు ముసుగు తన్నేస్తారు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పినవాడు మా యజమాని అన్సెల్మ్. ఆయన దగ్గర కమానులకి గుర్రపు వెంట్రుకలు కట్టే పని నాది. పేరు జెర్మేన్. నోరు కాస్త ఎక్కువ.

అన్సెల్మ్‌కి పేరు తెచ్చింది ఒకే ఒక్క కమాను. దానికి పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అది ఆయన చేసింది కాదు. ఒకప్పుడు ఆయన తెయోఫిల్ దగ్గర పనివాడు. తెయోఫిల్ పోయాక సామాను సర్దిపెడతానని వెళ్లి, బల్ల మీద ముద్ర పడని కమాను ఒకటి చూశాడు. కోటులో పెట్టుకుని వచ్చేశాడు.

కమాను కర్ర మీద, పిడికి కాస్త పైన, ఇనుప ముద్రతో పేరు కొడతాం. పనివాడు చేసినదాని మీద యజమాని పేరు పడటం మా ఊళ్లో తప్పు కాదు, తాతల నాటినుంచీ అంతే. ఆ వంక పెట్టుకునే అన్సెల్మ్ దాని మీద తన పేరు కొట్టేసుకున్నాడు. పనివాడే యజమాని సొమ్ముకి పేరు పెట్టుకోవడం ఏ వాడుకలో ఉందో ఆయన్నే అడగాలి.

కిందటి ఫిబ్రవరిలో ఆ కమాను మళ్లీ మా దగ్గరికొచ్చింది. నాన్సీలో ఫిడేలు వాయించే ఒకాయన వెంట్రుకలు మార్చమని పంపాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఈ పని మాత్రం అన్సెల్మ్ నాకివ్వలేదు. తనే చేసి, దుకాణంలో వదలడానికి మనసొప్పక, కోటు లోపల పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

ఏరు పొంగింది. రోజూ వెళ్లే దారి నీళ్లలో మునిగిపోయింది. మిగిలింది కార్ఖానా ముందు దారే.

ఆరు గంటలకే కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. గోడ పక్కకి రాగానే... సర్ర్...

సర్ర్... సర్ర్... కోటు లోపల కమాను ఛాతీకి గుచ్చుకుంటోంది. తలుపు ముందు బురదలోనే మోకాళ్ల మీద పడ్డాడు.

"తెయోఫిల్..." అని గొణిగాడు. "నేనే... నేనే కొట్టాను నా పేరు. గీకేస్తాను. రేపొచ్చే పెద్దమనిషికి అంతా చెప్పేస్తాను. నీ పేరే కొడతాను... నన్నొదిలెయ్."

చప్పుడు ఆగింది.

లోపల నేలచెక్క కిర్రుమంది. ఒక అడుగు... ఇంకో అడుగు... లోపలినుంచి తాళంచెవి తిరిగి తలుపు జానెడు తెరుచుకుంది. గుడ్డ చుట్టిన లాంతరు, దాని వెలుగులో మణికట్ల దాకా ఎర్రబడ్డ రెండు చేతులు.

ఇంకొకరైతే నెత్తురనుకుని అక్కడే పడిపోయేవారు. అన్సెల్మ్ కమానులవాడు. తడిచేతులకి కమానులు చేసే బ్రెజిల్ కర్ర పొడి అంటితే ఆ రంగే వస్తుందని తెలుసు.

తలుపు వెనక నిలబడింది ఓర్తాన్స్, తెయోఫిల్ భార్య.

"ఆయన పేరెందుకు కొడతావ్?" అంది మెల్లగా.

"అది... ఆయన కమాను కదా మదామ్."

"చివరి రెండేళ్లూ ఆయన చేతిలో చెంచా కూడా నిలవలేదు. సూప్ నేను తాగించాను. ఇలా తే."

లాంతరు గడప మీద దించి, కమాను తీసుకుని దాని తలవైపు ఆ వెలుగులో పెట్టింది. వెంట్రుకల కొస దిగ్గొట్టే చిన్న గుంట ఉంటుంది అక్కడ. వెంట్రుకలు కడితే మూసుకుపోతుంది, మళ్లీ మార్చినప్పుడే కనిపిస్తుంది.

"ఇది విప్పావా?"

"విప్పాను."

"లోపల ఉలి కోతలు ఎటు వాలాయి?"

అన్సెల్మ్ మోకాళ్లకంటిన బురద దులుపుకున్నాడు.

"చెప్పవేం? పుర్రచేతి కోతలు కావూ?" అంది. ఉలి ఆవిడ ఎడమచేతిలోనే ఉంది. "నేను చేసింది ఇది. ఇప్పుడూ చేస్తున్నాను, పేరు లేకుండా, పారిస్ వర్తకుడికి. పగలు తలుపు తీసి చేస్తే ఆడది ఉలి పట్టిందని ఊరు నవ్వుతుంది. దెయ్యమనుకుంటే కనీసం భయపడతారు."

ఓర్తాన్స్ లాంతరు ఆయన మొహం వైపు తిప్పింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజునుంచీ..."

"మరి ఆయన్నెందుకు బతిమాలుకుంటున్నావు?"

"చచ్చినవాడు... తిరిగి అడగడు కదా, మదామ్."

ఓర్తాన్స్ కమాను తిరిగిచ్చేసింది. "బతికున్నదాని పేరు రేపొచ్చే ఆ పెద్దమనిషికి చెప్పు. ముద్రేం అక్కర్లేదు, నోటితో చెప్పు చాలు" అని తలుపు వేసుకుంది.

పొద్దున్న నాన్సీ పెద్దమనిషి వచ్చాడు. కమాను కంటి ముందు పెట్టి వంపు చూసుకున్నాడు, రెండు గీతలు వాయించాడు. "ఈ చేతికి దణ్ణం పెట్టాలి మస్యూ!" అని అన్సెల్మ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా యజమాని నోరు తెరిచాడు... మూశాడు... "సంతోషమండీ" అన్నాడు.

సాయంత్రం మిరబెల్ పళ్ల సారా ముందు పెట్టుకుని నాకిదంతా చెప్పి ఏడ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదా, సిగ్గులేదా, ఆవిడ మొహం ఎలా చూస్తావని వాయగొట్టాను. ఆయన అంతా విన్నాడు.

"జెర్మేన్" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, "ఏడేళ్ల కిందట ఆ కమానుకి మొట్టమొదట వెంట్రుకలు కట్టిందెవరు?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"నేనే" అన్నాను.

"గుంట చూశావా?"

చూశాను. ఆ కోతలెవరివో అప్పుడే తెలిసింది. ఓర్తాన్స్‌తో కలిసి బడికి వెళ్లినదాన్ని, ఆవిడ రాత కూడా ఎటు వాలేదో నాకు తెలుసు. కొత్తగా దొరికిన పని పోతుందని, ఆ గుంటని వెంట్రుకలతో నా చేత్తోనే మూసేశాను.