స్వయంవల పట్టిన నమూనా

గజఈతగాడు ఎల్లాజీ నీళ్లలోకి దిగేసరికి స్వయంవల కదలకుండా పడి ఉంది. భీమిలికి తూర్పున, సముద్రం అడుగున మునిగిన పాత ఓడ తాలూకు తాడొకటి దాని మూతికి చుట్టుకుంది. ఆ తాడు కోసి రావడమే అతని పని. సర్వే నౌకలో తెర ముందు కూర్చున్న మత్స్య శాస్త్రవేత్త మృదుల మైకులో అతనితో మాట్లాడుతోంది. ఇవాళ వంజరం పులుసు వండారనీ, ఆలస్యం చేస్తే మిగలదనీ చెప్పింది. ముసుగులోంచి అతని నవ్వు వినిపించింది.

ఇప్పటి సర్వే వలలకు లాగే తాళ్లు లేవు. అవి తమంతట తామే ఈదుతాయి. పెద్దవి లోతుల్లో తిరుగుతాయి, చిన్నవి మొలలోతు నీళ్లలో కూడా. ప్రతి జాతిలో, ప్రతి పొడవుకీ రెండు చేపల్ని నమూనాగా పట్టి, వాటి చెవిరాళ్లను శబ్దకిరణంతో చదువుతాయి. చేప తలలో ఉండే ఆ చిన్న రాయిలో ఏడాదికో వలయం ఏర్పడుతుంది. వెనకటి రోజుల్లో చేపను చంపి, తల కోసి, రాయిని బయటికి తీసి వలయాలు లెక్కపెట్టేవారు. ఇప్పుడు ఒక్క శబ్దపు పోటుతో బతికున్న చేప వయసు తెలిసిపోతుంది. అయితే మనుషులు తమకు నచ్చిన చేపల్ని ఏరుకుని సర్వేను పాడుచేస్తున్నారని, వల తలుపు తీసే అధికారం ఎవరి చేతిలోనూ లేకుండా చేశారు. నౌక నుంచీ తీయలేరు, ఒడ్డు నుంచీ తీయలేరు.

తాడు తెగింది. తెగిన మరుక్షణం వల మేలుకుంది.

తెర మీద మృదుల చూస్తూ ఉండగానే దాని మూతి ముడుచుకుపోయింది. తాడు కోయడానికి మూతిలో దూరిన ఎల్లాజీ లోపలే ఉండిపోయాడు. కింద అక్షరాలు వెలిగాయి. జాతి తెలియదు. పొడవు నూట అరవైకీ నూట డెబ్భై సెంటీమీటర్లకీ మధ్య. కావలసినవి రెండు, దొరికినది ఒకటి.

తర్వాత మైకులో అతని కేక వినబడింది. వల అతని చెవుల్ని చదివింది.

మృదుల అతన్ని పేరుపెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. నౌక నడిపే సారంగు తాతారావు గదిలోకి పరుగున వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఎల్లాజీ గొంతు స్పష్టంగానే వస్తోంది.

"మేడమ్, ఇనబడతందా? ఎవులూ పలకరేటి?"

ఆమె పలుకుతూనే ఉంది. అతనికి వినబడడం లేదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

తాతారావు ఒడ్డున ఉన్న సర్వే కార్యాలయానికి ఫోన్ చేశాడు. వల దానంతట అది వదిలేదాకా ఆగడం తప్ప మార్గం లేదని అక్కడివాళ్లు చెప్పారు. రెండో నమూనా దొరికాక, రెండు వయసుల్నీ సరిపోల్చుకుని అది మొదటిదాన్ని వదులుతుంది. అంతవరకూ పట్టే ఉంచుతుంది. ఎల్లాజీ వీపుమీది గాలి అంతసేపు రాదు.

"నన్నొదిలేసి ఎల్లిపోకండి," అంటున్నాడు ఎల్లాజీ. ఊపిరి వేగంగా తీస్తున్నాడు. అలా తీస్తే గాలి ఇంకా తొందరగా అయిపోతుంది. ఆ మాట అతనికి చెప్పే దారి లేదు.

మృదుల లేచి డెక్కు మీదికి నడిచింది. గాలాలకు పడిన పెద్ద చేపల్ని చదివే పఠన తొట్టి అక్కడే ఉంది. సొరచేప పట్టేంత పొడవైనది. అందులో చదివిన నమూనా కూడా వల లెక్కలోకే చేరుతుంది. ఆమె ఏం చేయబోతోందో తాతారావుకు తెలిసిపోయింది. తాను దిగుతానన్నాడు. ఆమె తొట్టి పక్కనున్న కొలతబద్ద చూపించింది. అతను దానికంటే బాగా ఎత్తు. వంటమనిషి చాలా పొట్టి. ఎల్లాజీతో సమానంగా ఉన్నది ఆమె ఒక్కతే.

"అమ్మా, ఆడికేటయిందో ఇన్నావు కదా," అన్నాడు తాతారావు.

"విన్నాను," అంది ఆమె. "అందుకే తొందరగా మూత వెయ్యి."

తొట్టి నీళ్లు చల్లగా ఉన్నాయి. చేపల జిగురు వీపుకు అంటుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి తల ముంచింది. నీళ్లలోంచి నౌక ఇంజను చప్పుడు గుబగుబమని వస్తోంది. ఆ చప్పుడునే శ్రద్ధగా వింది. ఆ తర్వాత తలలో ఏదో పగిలినట్టయింది. ఇంజను ఆగిపోయిందనుకుంది.

ఇంజను ఆగలేదు.

మూత తీసి తాతారావు ఆమెను పైకి లేపాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఆమె అతన్ని తోసుకుని, నిలదొక్కుకోలేక పాకుతూ డెక్కు అంచుకు వెళ్లింది. కాసేపటికి నీళ్లలో ఎల్లాజీ తల తేలింది. వంటమనిషి అతన్ని చేయి పట్టి లాగాడు. డెక్కు మీద కూలబడగానే ఎల్లాజీ ముసుగు పీకేసి ఆమె మీద అరవడం మొదలుపెట్టాడు. ఒక్కరైనా ఎందుకు పలకలేదని అడుగుతున్నాడు. ఆమె అతని నోటి వంకే చూస్తోంది. ఆమె చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారడం అతనికి కనిపించింది. అరవడం ఆపి, ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

అప్పుడే గదిలోంచి గణకం గొంతు పలికింది. తాతారావూ వంటమనిషీ మాత్రమే విన్నారు.

"కొత్త జాతి నమోదైంది. ఒక పొడవుకు నమూనాలు పూర్తయ్యాయి. మిగతా పొడవులకు తీరమంతటా సేకరణ మొదలైంది."

తాతారావు గదిలోకి వెళ్లి తెర చూశాడు. కావలసిన పొడవులు యాభై సెంటీమీటర్ల దగ్గర మొదలవుతున్నాయి. ఇవాళ ఆదివారం, భీమిలి తీరం పిల్లాజెల్లాతో ఎలా నిండి ఉంటుందో అతనికి తెలుసు. ఒడ్డుకు మళ్లీ ఫోన్ చేశాడు.

"నీళ్లల్లో ఉన్నోళ్లందర్నీ బయటికి రమ్మనండి. మొలలోతుల ఉన్నా సరే. ముందు పిల్లల్ని లాగండి."

మృదుల గుమ్మం పట్టుకుని నిలబడింది. అతని ముఖం చూసి ఏమైందని అడిగింది. తన గొంతు తనకే వినబడలేదు. తాతారావు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, రెండో చేత్తో వల ఉన్న వైపు చూపించాడు. తర్వాత ఆ అరచేతిని తన నడుం దగ్గర పెట్టి చూపించాడు. అక్కణ్నుంచి మోకాలిదాకా దించాడు.

ఆమెకు అర్థమైంది.