పోగుదీపం

విశాఖలో ఇప్పుడు ఇళ్లను యంత్రాలే కడుతున్నాయి. పాతవి కూల్చడానికి మాత్రం మనుషులే కావాలి. ఆ దుమ్ముకు యంత్రం పాడైతే కంపెనీ గోల పెడుతుంది. మనిషి పాడైతే ఇంటికి పంపేస్తుంది.

డాక్టర్ వసుంధర పోగుదీపం కనిపెట్టింది ఆ మనుషుల కోసమే. పాత షెడ్ల రేకుల్లోని ఆస్బెస్టాస్ పోగు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం, కంటికి ఆనదు. ఊపిరితిత్తుల్లోకి దిగితే బయటికి రావడం దాదాపు ఉండదు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని, ఒకనాడు కాన్సరై లేస్తుంది. ఈ దీపం కాంతి తగిలితే ఆ పోగు నీలంగా మెరుస్తుంది.

మొదటి సాయంత్రం, కూలుస్తున్న ఒక షెడ్డు గేటు దగ్గర దీపం వెలిగించగానే, రేకులు దించే పైడితల్లి చీర నిండా నీలం. ఇంటికి వెళ్లి ఆ కొంగు చాటునే పసిబిడ్డకు పాలిచ్చే మనిషి.

“ఇదేటమ్మా, రోజూ దీన్నేనా ఇంటికి మోసుకెల్తన్నాను?” అంది.

“స్నానాల గది కట్టిస్తారు. ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని వెళ్దువుగాని,” అంది వసుంధర. పక్కనున్న మేనేజరు తలూపాడు.

నెల తర్వాత వసుంధర మళ్లీ వచ్చి షెడ్డంతా కలియతిరిగింది. స్నానాల గది లేదు. దీపాలు మాత్రం ఊరంతా వెలిశాయి. బస్సు తలుపు దగ్గరొకటి, టీకొట్టు ముందొకటి. నీలంగా మెరిసినవాళ్లను లోపలికి రానివ్వడం లేదు. దుమ్ము ఎక్కడుందో చూపిస్తే జనం దాన్ని కడిగేస్తారనుకుంది పిచ్చి వసుంధర. జనం కూలీలనే కడిగేసుకున్నారు.

ఆవరణలో ఆమె కారు పక్కన పైడితల్లి నిలబడి ఉంది. రవికె పాలతో తడిసిపోయింది.

“బస్సోడు ఎక్కనీడం నేదమ్మా. ఇంటికాడ పిల్ల ఆకలికి ఏడుత్తుంటాది. మీ కార్లో దించీగలరా?”

వసుంధర కారు సీటు వంక చూసింది. ఆ సీటులోనే రోజూ తన మనవరాలు కూర్చుంటుంది.

“నేను అటు వెళ్లడం లేదు పైడితల్లీ.”

“పోన్లెండమ్మా, నడిసెల్లిపోతాను.” కొంగు కారుకు తగలకుండా దగ్గరికి లాక్కుని పక్కకు జరిగింది. వసుంధరకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆమె కోసం తలుపు తెరవలేదు, ఒక్కతే ఎక్కింది.

గేటు దగ్గర కాపలావాడు ఆమెను చూసి దీపం ఆర్పేశాడు.

“మీకెందుకు మేడమ్, వెళ్లండి.”

షెడ్డంతా తిరిగొచ్చిన తన చీర మీద ఏముందో ఆమెకు తెలుసు. వెలిగించమని చెప్పబోయింది. అద్దంలో చూస్తే, వెనక పైడితల్లితో పాటు కూలీలంతా వరసగా నిలబడి ఇటే చూస్తున్నారు.

“థాంక్స్,” అని కారు పోనిచ్చింది.