కుంఠా నాకా స్టాపులో తెల్లటిది

కుంఠా నాకా దాటాక, మూతపడిన ఓ కార్ఖానా ముందు బస్‌స్టాపు ఉంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడితే అక్కడ తెల్లగా ఏదో నిలబడుతుందట... పిలిస్తే పలకదట, హారన్ కొడితే కదలదట — చెయ్యి మాత్రం ఊపుతుందట. ఆఖరి బస్సు డ్రైవర్లు ఒట్టేసి చెప్పేవారు. చెప్పి, దాన్ని దూరం నుంచి చూడగానే బస్సును పక్క సందులోకి తిప్పి, ఊరంతా చుట్టి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు ఎప్పటికో చేరేవారు.

ఆలస్యానికి కారణం తేల్చమని డిపోవాళ్లు సూపర్‌వైజర్ అనూషను పంపారు. తేలకపోతే రేపటి నుంచి ఆ బస్సే రద్దు. అనూషకు ఒళ్లు మండిపోయింది. దెయ్యమట, దెయ్యం! తాతముత్తాతలు మగ్గం మీద బతికిన ఇళ్ల మగవాళ్లు, స్టీరింగ్ దొరకగానే ఇంత పిరికిసన్నాసులయ్యారా!

ఆ రాత్రి ఆఖరి బస్సు తనే ఎక్కింది. స్టాపు దగ్గర పడుతోంది.

"నకో మేడం, ఆపొద్దు... లై ఖరాబ్ జాగా," గొణిగాడు డ్రైవర్ అంబాదాస్.

"ఆపు. మూతి మీద మీసం దేనికున్నది నీకు?"

బస్సు ఆగింది. హెడ్‌లైట్ల వెలుగులో... ఉంది.

నిలువెల్లా తెలుపు. జుట్టు, కనుబొమలు, ఆఖరికి రెప్పలు కూడా. అనూష ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరక్కడ?"

పలకలేదు. అనూష మళ్లీ అరిచింది. పలకలేదు... చెయ్యి ఊపుతూ దగ్గరికొస్తోంది. అంబాదాస్ కళ్లు మూసుకుని కులదైవం మార్కండేయుణ్ణి తలుచుకున్నాడు.

అది తలుపు దగ్గరికొచ్చి — తల దులుపుకుంది.

నూలు దుమ్ము గుప్పుమని లేచింది. అనూష తుమ్మింది. ఆ తుమ్ముతో భయమూ వదిలింది.

వెనక సందులోని కార్ఖానాలో పవర్‌లూమ్ షిఫ్టు దిగి, బస్సు అందదేమోనని దులుపుకోకుండా ఉరికొచ్చిన సిద్ధరాములనే పెద్దాయన. సాంచాల, అంటే ఆ మరమగ్గాల, మోతలో ఏళ్లకేళ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడు. ఇలాంటి పెద్దల మధ్యే పెరిగారు, అంబాదాసూ తనూ. ఛీ, ఏం బతుకులు!

"ఎక్కు కాకా," అని సైగ చేసింది సిగ్గుతో.

సిద్ధరాములు ఎక్కలేదు. బస్సులోకి తొంగి చూసి, వినబడనివాళ్ల గొంతుతో గట్టిగా అన్నాడు.

"ఇయ్యాల ఆపిండ్రేంది బిడ్డా? రోజూ నన్ను జూడంగనే బస్సు మలుపుకొని ఉరుకుతది. కాళ్లు గుంజంగ నడిచే పోతున్న."

తర్వాత గుసగుస అనుకుని, వీధంతా వినబడేలా అడిగాడు.

"ఈ బస్సుల దెయ్యమున్నదని మా కార్ఖానల అందరంటరు... నిజమేనా?"