శివ పేరు ముందు రెండక్షరాలు

ఏజెంట్ శివను చంపినవాళ్ళు అతని ఒంటి మీద గీత కూడా పడనివ్వలేదు. ఎయిర్‌పోర్టు పార్కింగులో, కారు ఏసీ నడుస్తుండగా, సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నచోటే పోయాడు. కారు నిండా కాఫీ వాసన. కప్పు మాత్రం లేదు. గుండెపోటు అన్నారు డాక్టర్లు. డిపార్ట్‌మెంటు ఆ మాటే రాసుకుని ఫైలు మూసేసింది.

అతనితో పనిచేసిన ఏజెంట్ మాధవీలత మూయలేకపోయింది. అత్తాపూర్‌లో తన ఇంట్లో బిడ్డకు అన్నం కలుపుతుంటే పక్క గదిలో శివ దగ్గినట్టు వినిపించేది. వెళ్ళి చూస్తే ఆరేసిన బట్టలు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆ ఉదయం చీఫ్ రాజారావు బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు. విదేశీ ముఠా సంకేతాలను విప్పి చదివిన ఇంజనీరు సుధీర్‌ను మధ్యాహ్నం విమానంలో ఢిల్లీ చేర్చాలి. అతను అక్కడ నోరు విప్పితే ముఠా అంతా వలలో పడుతుంది. కాబట్టి విమానం ఎక్కేలోపే చంపడానికి చూస్తారు.

"ఎస్కార్ట్ రేవతి. నువ్వు బ్యాకప్. ఛానెల్‌లో 'వడగళ్ళు' అని వినపడితే ఆపరేషన్ ఆపెయ్యాలి."

రేవతి నవ్వింది. ఆమె నడిచొస్తే గోడ మీది మ్యాపులు కూడా తిరిగి చూస్తాయని డిపార్ట్‌మెంటులో జోకు. వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం. శివ కోసం అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

మాధవీలతకు శివ మాట ఒకటి లోపల ముల్లులా ఉండిపోయింది. పోయే ముందు రోజు క్యాంటీన్‌లో, ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి అన్నాడు: "నాకేమన్నా అయితే మా అమ్మ పక్కన కూసొని టీవీ చూడక్కా." ఆమె నవ్వేసింది. తర్వాత పదకొండో రోజున శివ ఊరు సాతంరాయిలో షామియానా కింద అందరితోపాటు ఒక వీడియో చూసింది. శివ కట్టుకున్న ఇంటి గృహప్రవేశం. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, తినేవాళ్ళు. రేవతి కూడా కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా చూసి వెళ్ళింది. అందులో ఎవరికీ ఏమీ దొరకలేదు.

డ్యూటీకి ఇంకా కొంచెం టైముంది, ఈసారి శివ చెప్పినట్టే వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూడాలనుకుంది. ఎవరికీ అనుమానం రాకుండా కేబుల్ కంపెనీ టీషర్టు వేసుకుని, భుజాన వైరు చుట్ట తగిలించుకుని వ్యాన్‌లో సాతంరాయి వెళ్ళింది.

శివ తల్లి సక్కుబాయి టీవీ ముందే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఆ వీడియోనే తిరుగుతోంది. ఆమెకు చెవులు పోయి చాలాకాలమైంది. అందుకే శివ పట్టుబట్టి ఆమెకు అక్షరాలు నేర్పాడు. ఏ సినిమా తెచ్చినా కింద సబ్‌టైటిల్స్ పెట్టి చూపించేవాడు. తన వీడియోలకు తనే కూర్చుని రాసేవాడు.

మాధవీలతను చూడగానే ముసలామె తెర కింది భాగాన్ని వేలితో తడిమింది.

"అచ్చరాలు వస్తలేవు బిడ్డా. నా కొడుకు పెట్టినప్పుడు వస్తుండె. గిప్పుడు మూగోని లెక్క నోరు ఆడిస్తుండు."

శివ చూడమన్నది ఇదేనేమోనని మాధవీలతకు తట్టింది. రిమోట్ తీసుకుని మెనూలోకి వెళ్ళింది. సబ్‌టైటిల్స్ ఆన్‌లోనే ఉన్నాయి. తెర కింద మాత్రం ఏమీ రావడం లేదు. పెన్‌డ్రైవ్ పీకి తన ఫోనుకు పెట్టి చూసింది. ఫైళ్ళు రెండున్నాయి. సబ్‌టైటిల్స్ ఫైలు పేరు 'శివ'. వీడియో పేరు 'కీ.శే. శివ'.

శివ తల్లికి చూపించకుండానే వదిలిపోయిన ఫైళ్ళను పదకొండో రోజుకు సిద్ధం చేసిన ఫోటో స్టూడియో జగన్, పోయినవాడికి మర్యాదగా పేరు ముందు ఆ రెండక్షరాలు తగిలించాడు. ఫ్లెక్సీ మీద రాసినట్టే ఫైలు మీదా రాశాడు. రెండు పేర్లూ ఒకటైతేనే టీవీ అక్షరాలను వీడియోతో కలుపుతుంది. లేకపోతే అవి ఎవరివో దానికి తెలియదు.

ఆ రెండక్షరాలు రెండో ఫైలుకు కూడా చేర్చితే పని అయిపోతుంది. ఆమె వేలు ఒప్పుకోలేదు. వీడియో పేరులోంచే వాటిని తీసేసింది. భుజం మీదుగా చూస్తున్న సక్కుబాయి నెమ్మదిగా అంది: "తీసేసినవా. మంచిగ చేసినవ్ బిడ్డా."

ఈసారి తెర కింద పచ్చగా అక్షరాలు వచ్చాయి. ఎవరో అత్త బాగున్నావా అంటోంది, ఎవరో మామ పప్పులో ఉప్పు తక్కువంటున్నాడు. ఇంతలో పట్టుచీరలో రేవతి గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించింది. "నమస్కారమండీ, ఇల్లు చాలా బావుంది" అని స్పీకర్‌లో ఆమె గొంతు. కింద అక్షరాలు వేరే మాట చెప్పాయి.

'అమ్మా, గీమె ఏమిచ్చినా తినకు, తాగకు. మాధవక్కకు చూపెట్టు.'

తెర మీద శివ నవ్వుతూ రేవతికి కుర్చీ వేస్తున్నాడు. వీడియో అయిపోయింది. తెర నల్లబడింది. అయినా అక్షరాలు ఆగలేదు.

'అక్కా, ఉంగరం రాయి కింద మందు ఉంది. ఆఫీసుల ఎవలను నమ్మాలనో నాకు తెలుస్తలేదు. జర పైలం.'

"గట్లనే బిడ్డా" అని సక్కుబాయి నల్లటి తెరకు జవాబు చెప్పింది. ఆ చీకట్లో మూడో మనిషి ఊపిరి వినిపిస్తుందేమోనని మాధవీలత తన ఊపిరి బిగబట్టింది. అంతలోనే లేచి పరుగెత్తింది.

చెవి కమ్మలో మైకుంది. 'వడగళ్ళు' అంటే చాలు. కానీ అదే ఛానెల్ రేవతి చెవిలోనూ ఉంది. ఆ మాట విన్న మరుక్షణం ఆమె చేతిలో పని ముగించేస్తుంది. చీఫ్‌కు ఫోన్ చేద్దామంటే, ఎవరిని నమ్మాలో శివకే తెలియలేదు. మాధవీలత కమ్మ తీసి జేబులో వేసుకుని, వ్యాన్‌ను శంషాబాద్ ట్రాఫిక్ సందుల్లోంచి తోసుకుంటూ ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది.

డిపార్చర్ హాల్లో కాఫీ స్టాల్ దగ్గర సుధీర్ కూర్చుని ఉన్నాడు. రేవతి కప్పు అతని ముందుకు జరిపింది. ఉంగరంలో రాయి కొంచెం పక్కకు తిరిగి ఉంది. సుధీర్ కప్పెత్తి ఊదుకున్నాడు. పెదవికీ కప్పుకూ మధ్య మాధవీలత అరచెయ్యి అడ్డం పడింది.

రేవతి కనుబొమ్మ కూడా కదల్లేదు. "మాధవీ, ఏమిటా టీషర్టు? ఇక్కడ నీకేం పని?"

"కనెక్షన్ సరిచెయ్యనీకి వచ్చిన" అంటూ మాధవీలత ఆ కప్పును ఆమె ముందు పెట్టింది. "పొద్దటి నుంచి తిరుగుతున్నవ్. ముందు నువ్వు తాగు."

కాఫీ మీద పొగ లేస్తోంది. రేవతి దాని వంక చూసింది, గేటు వంక చూసింది. కుర్చీ వెనక్కి తోసి లేవబోయింది. మాధవీలత ఆమె మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో కమ్మ పైకి తీసి 'వడగళ్ళు' అంది. నాలుగువైపుల నుంచీ మనుషులు కదిలారు. రాజారావు పరుగున వచ్చి ఉంగరాన్ని ప్లాస్టిక్ కవర్లో వేయించాడు. ఎవరు చెప్పారని అడిగాడు. శివ అని చెప్పింది. ఆయన సుధీర్‌ను గేటు వైపు నడిపించాడు.

సుధీర్ విమానం ఎక్కాడు. మాధవీలత ఖాళీ కుర్చీలో కూలబడింది. ఎదురుగా హాల్లో పెద్ద టీవీ, సౌండు లేకుండా వార్తలు, కింద గబగబా పరుగెడుతున్న అక్షరాలు. ఆమె కుర్చీని అటు వీపు పెట్టి తిప్పుకుంది. ఒక రోజుకు ఒక్క మనిషి చెప్పింది చదివితే చాలు, ఆ చెప్పినవాడు బతికుంటే ఇంకా బావుండేది.